ఈసా స్పేస్ సొల్యూషన్స్: సగం డబ్బు వాళ్లిస్తారు, మిగతా సగం మాటేమిటి?

ఉపగ్రహ డేటా మీద పనిచేసే కంపెనీకీ, ఆకాశం వైపు చూడాల్సిన అవసరమే రాని బీమా సంస్థకో రైల్వే నిర్వహణ సంస్థకో జత కుదిరితే, ఆ ఇద్దరూ కలిసి చేసే ప్రాజెక్టుకు యూరప్ అంతరిక్ష సంస్థ ఈసా డబ్బు పెడుతుంది. పథకం పేరు బిజినెస్ అప్లికేషన్స్ అండ్ స్పేస్ సొల్యూషన్స్. ఇంగ్లండ్‌లో హార్వెల్ దీనికి కేంద్రం. డబ్బిచ్చి కంపెనీలో వాటా అడగరు, తయారైన సాంకేతికత మీద హక్కులూ కంపెనీవే. మొదటి పెట్టుబడిదారుకే వాటా ధారపోయాల్సి వచ్చే చిన్న సంస్థకు ఇంతకన్నా మేలైన డబ్బు దొరకడం కష్టం.

మెట్లు మూడు. కిక్-స్టార్ట్ చిన్న మొత్తం, కొద్ది నెలల పని, ఖర్చులో 75 శాతం దాకా ఈసా భరిస్తుంది. తర్వాతివి ఫీజిబిలిటీ స్టడీ (ఆలోచన సాధ్యమేనా, గిట్టుబాటవుతుందా అని చూడటం), డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు (వాడేవాళ్లతో కలిసి పరీక్షించి చూపడం). వీటిలో ఈసా భాగం సాధారణంగా 50 శాతం. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. 2 లక్షల యూరోల పని అనుకుందాం. లక్ష ఈసా ఇస్తుంది, కానీ మొత్తం ముందే చేతిలో పెట్టదు. చాలా భాగం మైల్‌స్టోన్ (ముందే ఒప్పుకున్న పని దశ) పూర్తయి, నివేదికను ఆమోదించాకే విడతల వారీగా వస్తుంది. అందాకా జీతాలు సొంత ఖాతాలోంచే పోవాలి. సొంత లక్షతో పాటు ఆ మధ్యకాలానికి నగదు కూడా చూపించలేని సంస్థ నేరుగా డెమాన్‌స్ట్రేషన్‌కు వెళ్లకూడదు. కిక్-స్టార్ట్‌తో మొదలుపెట్టడం మంచిది.

దరఖాస్తు దారి పొడుగే. ముందు ఈసా పోర్టల్‌లో సంస్థ రిజిస్ట్రేషన్, ఆపై ఆలోచనను క్లుప్తంగా చెప్పే పిచ్ ప్రశ్నావళి, ఔట్‌లైన్ ప్రతిపాదన, చివరికి పూర్తి ప్రతిపాదన. వీటి పక్కనే ఇంకో తలుపుంది. ఆ డబ్బు సభ్యదేశాలు వేసిన చందాల్లోంచి వస్తుంది కాబట్టి, ఈసాలో మీ దేశం తరఫున ఉండే ప్రతినిధి బృందం సమ్మతి లేఖ ఇవ్వాలి. ప్రతిపాదన ఎంత బాగున్నా ఆ దేశం ఖాతాలో డబ్బు మిగలకపోతే పని ఆగుతుంది. అందుకే రాయడం మొదలుపెట్టకముందే వాళ్లతో మాట్లాడాలి.

అసలు బలం, అసలు బలహీనత రెండూ అంతరిక్షేతర భాగస్వామిలోనే ఉన్నాయి. "ఈ ఆలోచన మాకు ఆసక్తికరంగా ఉంది" అని రెండు వాక్యాల లేఖ తెచ్చుకుంటే చాలదు. బడ్జెట్ చేతిలో ఉన్న మనిషి సంతకం కావాలి. ఎన్ని స్థలాల్లో పరీక్షిస్తారు, తమ పాత రికార్డుల్లో ఏవి ఇస్తారు, వారానికి ఎన్ని గంటలు ఎవర్ని కేటాయిస్తారు, ఫలితం బాగుంటే ఏ ధరకు కొంటారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఇవి లేని పైలట్ ప్రాజెక్టు మధ్యలో చతికిలబడుతుంది, ఎందుకంటే సరిచూసుకోడానికి నేలమీది సమాచారం రాదు.

పంట నష్టం అంచనానే తీసుకోండి. యూరప్ భూపరిశీలన ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, 10 మీటర్ల స్పష్టత, రెండు ఉపగ్రహాలు కలిసి 5 రోజులకోసారి చూస్తాయి. మబ్బు పట్టిందా, ఆ చిత్రం పనికిరాదు. మబ్బుల్లోంచి చూడగల సెంటినెల్-1 రాడార్‌ను జతచేయాలి. ఖర్చంతా పొలం పొలానికీ వెళ్లి కొలిచే మనుషుల మీదే పడుతుంది. బడ్జెట్‌లో ఈ పద్దును తక్కువ చేసి, సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ రాసిన ప్రతిపాదనలు చూడగానే తెలిసిపోతాయి. బీమా సంస్థ అడిగేది అందమైన మ్యాప్ కాదు, క్లెయిమ్ ఎన్ని రోజుల ముందు తేలుతుందనే.

భారత్ ఈసా సభ్యదేశం కాదు. హైదరాబాద్‌లో మాత్రమే రిజిస్టరైన కంపెనీకి ఈ డబ్బు రాదు. మన దగ్గర ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చి ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ 2025లో ప్రారంభించిన టెక్నాలజీ అడాప్షన్ ఫండ్ ఉంది: మొత్తం ₹500 కోట్లు, స్టార్టప్‌లకూ ఎంఎస్‌ఎంఈలకూ ఖర్చులో 60 శాతం దాకా, పెద్ద పరిశ్రమలకు 40 శాతం దాకా, ఒక్కో ప్రాజెక్టుకు గరిష్ఠంగా ₹25 కోట్లు. మొత్తం పెద్దదే, చిన్న సంస్థలకు శాతమూ ఈసా మామూలుగా ఇచ్చే 50 కన్నా మెరుగే. అయితే దాని గురి తొలి దశలో ఉన్న సాంకేతికతను అమ్మదగ్గ ఉత్పత్తిగా మార్చడం మీద ఉంది. కొనేవాడిని మొదటి రోజు నుంచే బల్ల దగ్గర కూర్చోబెట్టే క్రమశిక్షణ మాత్రం ఈసా పద్ధతిలోనే గట్టిగా ఉంది. ఇక్కడ దరఖాస్తు చేసేవాళ్లు కూడా ఎవరూ అడగకపోయినా పైన చెప్పిన వివరాలతో కొనుగోలుదారు లేఖ తీసుకుని జతచేస్తే మంచిది.