లీటరు నీళ్లు, కిలో బరువు: ఆరు రోజుల కొండ నడకలో మా నీటి తంటాలు

బయల్దేరే ముందు రాత్రి ముగ్గురం సామానంతా నేల మీద పరిచి, తూకం మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. టెంట్ దగ్గర, స్లీపింగ్ బ్యాగుల దగ్గర పేచీ రాలేదు. నీళ్ల దగ్గర వచ్చింది. మా మేనబావది ఎప్పుడూ ఒకటే మాట: మరిగించాలి. మా స్నేహితుడు నీళ్లలో ముంచి క్రిములను దెబ్బతీసే యూవీ (అతినీలలోహిత) లైటు కొత్తగా కొని తెచ్చాడు. లావుపాటి పెన్నులా ఉంటుంది, బ్యాటరీతో కలిపి వంద గ్రాముల పైచిలుకు. నాది చేత్తో పిండి వడకట్టే ఫిల్టర్, 85 గ్రాములు. మురికి నీళ్ల సంచి, కడగడానికి సిరంజి కలిపితే 150. వీటి పక్కన ఓ అట్ట క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు, నీళ్లలో వేసి క్రిములను చంపేవి. ముప్పై మాత్రలున్నా తూకం ముల్లు కదిలిందా లేదా అన్నట్టుంది. తూకాన్నే నమ్మితే పందెం అప్పుడే ముగిసిపోవాలి.

"మరిగిస్తే చావని క్రిమి ఒక్కటుంటే చెప్పరా," అన్నాడు బావ.

"లేదులే బావా. నీ గ్యాస్ లెక్క చెప్పు ముందు."

చిన్న గ్యాస్ స్టవ్ మీద లీటరు నీళ్లు మరగాలంటే గాలిని బట్టి, గిన్నెను బట్టి 8 నుంచి 15 గ్రాముల గ్యాస్ పోతుంది. పది వేసుకుందాం. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, ఆరు రోజులకు 24. అంటే తాగే నీళ్లకే 240 గ్రాములు, డబ్బా బరువు వేరు. వంటకు ఇంకా చూడలేదు. బావ కాసేపు ఆలోచించి, పెద్ద క్యానిస్టర్ ఇంకొకటి తన సంచిలోకి తోసుకున్నాడు. మాట మార్చుకోలేదు. సరే, ఎవరి నీళ్లు వాళ్లవి అనుకుని బయల్దేరాం. పోలికకు అదే మంచిదయింది.

మొదటి రోజు నీళ్లకు కొదవ లేదు. గంటకో ఊట. ఇక్కడే ఫిల్టర్ విలువ తెలిసింది. ఊట దగ్గర ఆగి, సంచి నింపి, పిండి, అక్కడికక్కడే కడుపు నిండా తాగి, సీసాలో అర లీటరు పోసుకుని నడిచాను. స్నేహితుడూ అంతే, లైటు ముంచి లీటరుకు 90 సెకన్లు తిప్పుతాడు, తాగుతాడు. బావ మాత్రం పొద్దున మరిగించిన మూడు లీటర్లూ వీపున మోస్తున్నాడు. లీటరు నీళ్లంటే కిలో. మా ఇద్దరి పరికరాలూ కలిపినా అతని సీసాల్లో పదో వంతు లేవు. దారిలో ఆగి స్టవ్ వెలిగించి, మరిగించి, చల్లారబెట్టి తాగే ఓపిక ఎవరికుంటుంది? తూకంలో పెట్టాల్సింది పరికరాన్ని కాదు, దాని వల్ల వీపు మీదికెక్కే నీళ్లనని నాకు ఆ మధ్యాహ్నమే అనిపించింది. ఐదో రోజున అదే లెక్క నా మెడకే చుట్టుకుంది. ఆ సంగతి తర్వాత.

మొదటి మకాం బాగుంది. చదునైన నేల, గాలికి అడ్డుగా బండలు, యాభై అడుగుల్లో ఊట. రాతి పగులులోంచి వచ్చే నీళ్లు చూసి బావకే నోరూరింది, "దీనికి కూడా మరిగించాలా?" అన్నాడు. పైకెక్కి చూస్తే ఊటకు నాలుగడుగుల ఎగువన పశువుల గిట్టల గుర్తులు, ఎండిన పేడ. నీళ్లు తేటగా ఉండడం కంటికి సంబంధించిన విషయం. కడుపును పాడుచేసే ఏకకణ జీవుల్లో జియార్డియా సుమారు పది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) నాలుగు నుంచి ఆరు. అవి వేలల్లో ఉన్నా గ్లాసులో నీళ్లు అద్దంలాగే ఉంటాయి.

రెండో రోజు దారంతా హిమానీనదం కరిగి వచ్చే ఏరు పక్కనే. నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా, చేత్తో తాకితే సన్నటి రాతిపిండి. ముగ్గురి విద్యలూ ఇక్కడ తేలిపోయాయి. యూవీ కిరణాలు క్రిమిలోని డీఎన్ఏను దెబ్బతీసి అది పెరగకుండా చేస్తాయి. కానీ కిరణం క్రిమిని తాకాలి కదా. మసక నీళ్లలో ప్రతి రేణువు వెనకా ఓ నీడ ఉంటుంది. స్నేహితుడు లైటు తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టేశాడు. నా ఫిల్టర్ రెండు లీటర్లకు బిగుసుకుపోయింది, పిండీ పిండీ బొటనవేళ్లు నొప్పెట్టాయి. బావ మరిగించాడు. క్రిములు చచ్చాయి, బురద మాత్రం వేడి బురదయింది.

ఇక్కడ ఫిల్టర్ గురించి కాస్త చెప్పాలి. లోపల ఉండేవి బోలుగా ఉన్న సన్నటి గొట్టాలు, కిడ్నీ డయాలసిస్‌లో వాడే తరహావే, కట్టలు కట్టలుగా. వాటి గోడల్లో 0.1 మైక్రాన్ రంధ్రాలు (సాయర్ స్క్వీజ్, క్యాటడిన్ బీఫ్రీ అనే ఫిల్టర్లు రెండూ ఈ కొలతవే). నీళ్లు పోతాయి, బ్యాక్టీరియా, ప్రోటోజోవా (జియార్డియా, క్రిప్టో లాంటి ఏకకణ జీవులు) ఆగిపోతాయి. ఆగిన మడ్డి అక్కడే పేరుకుంటుంది. అందుకే సిరంజితో శుభ్రమైన నీళ్లు వెనక నుంచి గట్టిగా కొట్టాలి. కొన్ని రకాలను నీళ్లలో ఆడించి జాడిస్తే చాలు. సిరంజి ముప్పై గ్రాములని ఇంట్లో వదిలేసే వాళ్లుంటారు, నేనూ ఒకప్పుడు వదిలేశాను. హిమానీ ఏరు పక్కన ఒక్క సాయంత్రం గడిపితే మళ్లీ వదలరు.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది ఓపికే. గిన్నె నిండా పట్టి రాత్రంతా కదపకుండా ఉంచాం. తెల్లారేసరికి అడుగున వేలెడు మడ్డి, పైన తేట. పైపైన వంచుకుని, రుమాలు నాలుగు మడతలేసి అందులోంచి పోసి, అప్పుడు ఫిల్టర్‌కు ఎక్కించాను. పటిక చిటికెడు ఉంటే గంటలో తేరుకునేవి, తెచ్చుకోలేదు. ఇంకో సంగతి: ఇలాంటి ఏళ్లలో ఎండెక్కే కొద్దీ మంచు కరిగి ప్రవాహం, మురికి రెండూ పెరుగుతాయి. తెల్లవారుజామున పట్టుకోండి. పక్క నుంచి వచ్చి కలిసే చిన్న సెలయేరు కనబడితే ఏటిని వదిలేసి అక్కడికే వెళ్లండి.

మూడో మకాం చెరువు ఒడ్డున. చూడ్డానికి ఇంతకంటే అందమైన చోటు ఈ నడకలో లేదు, నీళ్ల విషయంలో ఇంతకంటే అధ్వానమైనదీ లేదు. ఇరవై టెంట్లున్నాయి. రాళ్ల చాటున కాగితాలు, చెప్పకుండానే అర్థమవుతుంది. మనుషులు ఎక్కువున్న చోట భయపడాల్సింది వైరస్‌ల గురించి. హెపటైటిస్ ఎ వైరస్ సుమారు 0.03 మైక్రాన్. 0.1 మైక్రాన్ రంధ్రంలోంచి ముగ్గురు పక్కపక్కన చేతులు పట్టుకుని వెళ్లిపోవచ్చు. కాబట్టి నేను వడకట్టాక ఒక మాత్ర వేసి అరగంట ఆగాను. వైరస్‌లకూ బ్యాక్టీరియాకూ ఆ అరగంట చాలు. అరగంటలో మాత్రకు లొంగని క్రిప్టోను ఫిల్టర్ ముందే ఆపేసింది. ఫిల్టర్ ఆపలేని వైరస్‌ను మాత్ర చూసుకుంటుంది. స్నేహితుడి లైటు ఆ రాత్రి బాగా పనిచేసింది, తేట నీళ్లలో మూడు జాతులనూ అది ఒంటిచేత్తో చూసుకుంటుంది. సీసా మూతి మరల దగ్గర అంటుకున్న పచ్చి నీటి బొట్లను మాత్రం గుడ్డతో తుడుచుకోవాలి, వెలుగు అక్కడిదాకా పోదు.

క్రిప్టో అంటే ఇంత భయమెందుకని బావ అడిగాడు. మామూలు క్లోరిన్‌ను అది లెక్కచేయదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధి చేసిన కుళాయి నీళ్లలోంచే వచ్చి సుమారు నాలుగు లక్షల మందిని పడగొట్టింది. అయోడిన్‌కూ లొంగదు. అయోడిన్ మాత్రలు ఇంకా కొందరి సంచుల్లో కనిపిస్తాయి, పైగా గర్భిణులూ థైరాయిడ్ ఉన్నవాళ్లూ వాడకూడదు. రుచి సంగతి చెప్పనక్కర్లేదు. నా మటుకు వాటి కాలం అయిపోయింది.

ఆ చెరువులో ఓ మూల ఆకుపచ్చటి తెట్టె తేలుతోంది. అటు వెళ్లలేదు. ఆ నాచు లాంటి బ్యాక్టీరియా వదిలే విషాన్ని మరిగించడం, వడకట్టడం, మాత్ర, లైటు ఏవీ తీయలేవు. గనుల దిగువన వచ్చే లోహాలదీ అదే సంగతి. అలాంటి చోట దాహంతో ఇంకో మైలు నడవడమే.

నాలుగో రాత్రి 3,900 మీటర్ల ఎత్తున, కనుమ కింద. గాలి, రాళ్లు, వాలు నేల, నిద్ర పట్టని చోటు. ఏరు గడ్డకట్టి ఉంది. ఇక బావ రాజ్యం. మంచు గిన్నెలోకెత్తి (అడుగున గుక్కెడు నీళ్లు పోసి మొదలుపెట్టాలి, లేదంటే గిన్నె మాడుతుంది) కరిగించి, తెర్లే దాకా మరిగించాడు. అంత ఎత్తులో నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అయినా క్రిములు చావడానికి ఆ వేడి ఎక్కువే. 2,000 మీటర్లు దాటితే ఒక నిమిషం బదులు మూడు నిమిషాలు మరగనివ్వమంటారు, అలాగే చేశాం. ముగ్గురికీ పోశాడు. "ఏదిరా నీ గొట్టం?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

గొట్టం బయట, సంచి పక్క జేబులో ఉంది. పొద్దున తీస్తే రాయిలా గడ్డకట్టి ఉంది. తప్పు పూర్తిగా నాదే. ఒకసారి తడిసిన ఫిల్టర్ లోపల నీళ్లు మిగిలే ఉంటాయి. అవి గడ్డకట్టి ఉబ్బితే గొట్టాలు చిట్లుతాయి. చిట్లిందో లేదో చూస్తే తెలియదు. నీళ్లు మామూలుగానే వస్తాయి, మాట్లాడితే ఇంకాస్త ధారగా వస్తాయి. తయారీదార్లు చెప్పేది ఒక్కటే: గడ్డకట్టిందంటే పారేయండి. చలి రాత్రుళ్లు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర ఉంచుకోవాలని నాకు తెలుసు. పదిమందికి చెప్పాను కూడా. స్నేహితుడి లైటుదీ అదే గతి, చలికి బ్యాటరీ నీరసించి రెండు లీటర్లకే ఎర్ర దీపం చూపించింది. అతను దాన్ని చొక్కాలో పెట్టుకుని నడిచాడు.

ఐదో రోజు అట్ట బయటికి తీశాను. రేకు చింపి మాత్ర వేయడం క్షణం పని. ఆ తర్వాత నాలుగు గంటలు. మంచు నీళ్లలో క్రిప్టో దాకా నమ్మకం కావాలంటే అంతసేపు ఆగాల్సిందే. పొద్దున ఆరుకు వేసిన నీళ్లు పదికి తాగాలి, పదికి వేసినవి రెండుకు. అంటే తాగే సీసా ఒకటి, వేచి ఉన్న సీసా ఒకటి, ఎప్పుడూ రెండు లీటర్లు వీపు మీదే. ఏరు కాళ్ల పక్కనే గలగలమంటూ పారుతుంటుంది, నేను గడియారం చూసుకుంటూ రెండు కిలోలు మోస్తుంటాను. గ్రాము బరువు మాత్ర నాతో మోయించింది మొదటి రోజు బావ మోసిన దానికి మరీ తక్కువేం కాదు. బావ వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. ఏమీ అనలేదు, అదే ఎక్కువ.

రుచికి వంక పెట్టను. స్విమ్మింగ్ పూల్ వాసన కొద్దిగా, అంతే. రెండు ద్రావకాలు కలిపి, పసుపు రంగు వచ్చాక వేసుకునే చుక్కల రకమూ ఉంది, ఎక్కువ రోజుల నడకకు అది గిట్టుబాటు. నాకు చలికి వణికే వేళ్లతో చుక్కలు లెక్కపెట్టడం కుదరదు.

ఆరో రోజు దిగువన బస. వేడి నీళ్లు, మెత్తటి పరుపు, మంచి మనుషులు. గోడకున్న కుళాయి చూపించి "ఈ నీళ్లు నేరుగా తాగొచ్చు" అన్నారు. పైపు వెంట వెళ్లి చూస్తే మేం పొద్దున దాటొచ్చిన వాగే. మిగిలిన మాత్రలు అక్కడ ఖర్చయ్యాయి.

ఇప్పుడు నా సంచిలో కొత్త ఫిల్టర్, సిరంజి, పది మాత్రలు, అదనంగా ఓ ఖాళీ సీసా. అంతా కలిపి 200 గ్రాముల లోపు. మాత్రలు ఫిల్టర్ చచ్చిన రోజుకూ, జనం ఎక్కువున్న చోటుకూ. మురికి సంచికి ఎర్ర టేపు చుట్టాను, చీకట్లో మంచి నీళ్ల సీసాతో తారుమారు కాకుండా. యూవీ లైటును నేను కొనను. ఊళ్ల మీదుగా, బసల మీదుగా సాగే ప్రయాణమైతే, చార్జింగ్ దొరికితే, కొనేవాళ్లను ఆపను. ఒంటరిగా వైరస్‌లున్న ప్రాంతాలకు వెళ్తానంటే గ్రేల్ లాంటి నొక్కుడు సీసా ఒకటుంది, అన్నిటినీ ఒకేసారి తీస్తుంది. బరువు అర కిలో దగ్గర. నా భుజాలు ఒప్పుకోలేదు.

తిరిగొచ్చిన పది రోజులకు బావ ఫోన్ చేశాడు. కడుపు ఉబ్బరం, విరేచనాలు, వాసన గురించి వివరంగా చెప్పాడు. పరీక్షలో జియార్డియా అని తేలింది. ఒంట్లోకి దిగి లక్షణాలు చూపించడానికి దానికి వారం రెండు వారాలు పడుతుంది, లెక్క సరిగ్గా మా నడక రోజులకే వెళ్తోంది. 1681లో లీవెన్‌హుక్ అనే డచ్ శాస్త్రవేత్త తన విరేచనాన్నే సూక్ష్మదర్శిని కింద పెట్టి ఈ జీవిని చూశాడని చెప్తే, "ఆయన ఓపికకు దండం" అన్నాడు బావ.

"అన్నీ మరిగించే తాగాను కదరా!"

"పళ్లు ఎక్కడ తోముకున్నావు బావా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఏట్లో," అన్నాడు.