జిమ్మీ గ్రీవ్స్ నివాళి బ్యానర్: గంటస్తంభం దగ్గరి ప్రింటింగ్ షాపు పనితనం

సెప్టెంబరు 19 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ వర్ధంతి. ఆయన టాటెన్‌హామ్ మనిషి, ఈ బ్యానర్ వేయించింది విజయనగరంలోని ఆర్సెనల్ అభిమానులు. ఉత్తర లండన్‌లో ఆ రెండు జట్లకీ ఎంత పడదో తెలిసినవాళ్లకి ఇందులో చిక్కు ఎక్కడుందో చెప్పక్కర్లేదు. సొంత జట్టు ఆటగాడి పేరు తప్పు పడితే అజాగ్రత్త అంటారు. ఎదుటి జట్టు ఆటగాడి పేరు తప్పు పడితే వెటకారం అంటారు. అందుకే ఈ సమీక్షలో ధర కన్నా అక్షరాల గురించి, ఫొటో గురించి ఎక్కువ ఉంటుంది.

షాపు గంటస్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఫ్లెక్సీకి ఒక మెషీన్, గుడ్డకి ఇంకొకటి. బ్యానర్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, అంటే 24 చదరపు అడుగులు. గుడ్డ అయితే చదరపు అడుగు 30 రూపాయల చొప్పున 720, డిజైన్‌కి 200. ఫ్లెక్సీ అయితే అడుగు 12కే వస్తుంది. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించింది. గుడ్డే అడగడం మేలు. అయితే షాపుల్లో గుడ్డ అనేది చాలావరకు పాలిస్టరే, నూలు కాదు. నూలు కావాలంటే ముందే చెప్పాలి.

ఇక టైపింగ్. మనం ఫోన్‌లో తెలుగులో రాసి పంపిన మాటర్ ఇక్కడ ఉన్నదున్నట్టు బ్యానర్ మీదికి ఎక్కదు. వీళ్లు వాడేవి అను ఫాంట్లు. వాటి అక్షరాల అమరిక వేరు, ఫోన్‌లో ఉండే యూనికోడ్ వేరు. అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అందుకని ఆపరేటరు మొత్తం మళ్లీ కొడతాడు. తప్పులు పడేది ఆ మళ్లీ కొట్టడంలోనే. మొదటి ప్రూఫులో 'గ్రీవ్స్' కాస్తా 'గ్రీవస్' అయింది. 'టాటెన్‌హామ్'లో నకారపు పొల్లు విడిగా నిలబడకుండా కింద హ ఒత్తు వచ్చి 'టాటెన్హామ్' అని పడింది. రెండూ చెప్పగానే దిద్దాడు, విసుక్కోలేదు. "పేరు ఓ కాయితం మీద పెద్దక్షరాల్తో రాసిచ్చీండి బాబూ, అది సూసి కొడతాను" అన్నాడు. అలా ఇస్తేనే పని సులువు. ప్రూఫ్ వాట్సాప్‌లో వస్తే బొమ్మని వేళ్లతో పెద్దది చేసి ఒక్కో ఒత్తూ చూడాలి. తేదీలు ఇంకొకరి చేత చదివించాలి: 20-2-1940, 19-9-2021.

వీళ్ల దగ్గర తయారుగా ఉన్న నివాళి డిజైన్లలో మేఘాలు, ఎగిరే పావురాలు, అఖండ దీపం, ఫొటోకి గులాబీ దండ ఉంటాయి. కింద 'ఇట్లు' అని వరసగా పాతిక పాస్‌పోర్టు ఫొటోలకి గళ్లు. అవన్నీ తీసేయమనాలి. నివాళి ఆయనకి, కింద మొహాలు మనవి పెడితే చూపు అటే పోతుంది. 'విజయనగరం ఆర్సెనల్ అభిమానులు' అని ఒక్క చిన్న వరస చాలు. అడిగితే ఖాళీ పేజీ మీద మొదలుపెడతాడు, దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు.

రంగు విషయంలో ఈ షాపుకి మంచి మార్కులు. అభిమానం ఆర్సెనల్‌దే అయినా బ్యానర్‌లో ఎరుపు వాడకూడదు. తెల్ల నేల, ముదురు నీలం అక్షరాలు, అవి టాటెన్‌హామ్ రంగులు. ఈ ముదురు నీలంతోనే గొడవ. ప్రింటు సిరాల్లో సయాన్ (ఆకాశ నీలం), మెజెంటా (ముదురు గులాబీ) పాళ్లు దగ్గర దగ్గరగా ఉంటే స్క్రీన్ మీద నీలంగా కనబడి ప్రింటులో వంకాయ రంగు తేలుతుంది. సయాన్ 100 శాతం, మెజెంటా 70, నలుపు 50 పెట్టమంటే మాట్లాడకుండా పెట్టాడు, ముందు జానెడు ముక్క వేసి చూపించాడు. గుడ్డ పల్చన కాబట్టి వెనక నుంచి వెలుతురు పడితే రంగు ఇంకో మెట్టు తేలిపోతుంది. వెనక గోడ ఉన్నచోట కట్టాలి.

ఫొటోకి తెల్లచొక్కాలో ఆడుతున్న నలుపు తెలుపు బొమ్మ బాగుంటుందా, టీవీ స్టూడియోలో నవ్వుతున్నది బాగుంటుందా అంటే రెండోదే. ఎదుటి జట్టు వాళ్లకి గ్రీవ్స్ దగ్గరైంది అక్కడే. 1985 నుంచి 1992 దాకా ఐటీవీలో శనివారం మధ్యాహ్నాలు లివర్‌పూల్ మాజీ ఆటగాడు ఇయాన్ సెయింట్ జాన్‌తో కలిసి 'సెయింట్ అండ్ గ్రీవ్సీ' నడిపారు. ఫుట్‌బాల్ గురించి నవ్వుతూ మాట్లాడొచ్చని చూపించిన జంట అది. ఇద్దరూ 2021లోనే పోయారు. ఆటగాడు మైకు పట్టడం ఈ ఊరికి కొత్త కాదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్, విజయనగరం రాజకుమారుడు విజ్జీ తర్వాత రేడియోలో వ్యాఖ్యానం చెప్పారు.

ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. అసలు కొలతలో అంగుళానికి 72 నుంచి 100 చుక్కలుంటే ఈ సైజు బ్యానర్‌కి చాలు. 2 అడుగుల వెడల్పు ఫొటోకి కనీసం 1,700 పిక్సెళ్లు అన్నమాట. నలుపు తెలుపు బొమ్మే పెట్టాలనుకుంటే నాలుగు రంగుల సిరాతో వేయించకండి, బూడిదరంగు మీద ఇంకో రంగు ఛాయ పడొచ్చు. నలుపు సిరా ఒక్కదానితోనే వేయమనాలి.

మాటర్‌లో జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. పాత నివాళుల నుంచి ఎత్తి రాస్తే 'టాటెన్‌హామ్ చరిత్రలో అత్యధిక గోల్స్' అని పడిపోతుంది. 266 గోల్స్ ఆయనవే, కానీ 2023 ఫిబ్రవరి 5న మాంచెస్టర్ సిటీ మీద టాటెన్‌హామ్ తరఫునే హ్యారీ కేన్ 267వది కొట్టాడు. ఇంగ్లండ్‌కి 57 మ్యాచ్‌ల్లో 44 గోల్స్, ఇంగ్లిష్ మొదటి డివిజన్‌లో 357 గోల్స్ అని రాసుకోవచ్చు. ఆ 357ని ఇంకెవరూ దాటలేదు. 1966 ప్రపంచ కప్ గురించి ఒక్క వరస చాలు: ఫ్రాన్స్‌తో ఆటలో కాలికి దెబ్బ తగిలింది, ఆ స్థానంలోకి వచ్చిన జెఫ్ హర్స్ట్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టి ఇంగ్లండ్‌ని గెలిపించాడు, గ్రీవ్స్‌కి పతకం దక్కింది 2009లో. చదివినవాళ్లు కాసేపు అక్కడే నిలబడతారు. ఆయన పోయిన రోజునే టాటెన్‌హామ్ మైదానంలో చెల్సీతో మ్యాచ్, రెండూ ఆయన ఆడిన జట్లే.

ఇప్పుడు లోపం. ప్రింటు ఎంత శ్రద్ధగా చేస్తారో, కోత అంత అశ్రద్ధ. కత్తెరతో కోసి చుట్టి చేతిలో పెట్టారు, అంచు కుట్టే ఏర్పాటే లేదు. పాలిస్టర్ గుడ్డ కోసిన అంచు రెండు రోజుల్లో పోగులు లేస్తుంది. మూలల్లో రింగులు కూడా ఒంటి పొర మీదే కొట్టారు. ఆ మర్నాడు గాలికి పై ఎడమ రింగు గుడ్డని చీల్చుకుని ఊడింది. అందుకని డిజైన్ చేయించేటప్పుడే నాలుగు వైపులా అంగుళమున్నర ఖాళీ వదిలించుకోవాలి. ఆ ఖాళీని దర్జీ చేత రెండు మడతలు పెట్టించి కుట్టించాక, ఆ మందం మీద రింగులు వేయించాలి. పైన, కింద ఖాళీ ఇంకా ఎక్కువ వదిలించి 3 అంగుళాల గొట్టంలా కుట్టించి సరుగుడు కర్ర దూర్చితే ఇంకా నయం, బరువు ఒక్క మూల మీద పడదు. అంచు కుట్టకుండా ఇవ్వడం షాపుదే తప్పు అని చెప్పాం, వచ్చేసారి కుట్టించి ఇస్తామన్నారు.

గడువు సంగతి: మామూలు రోజుల్లో ఉదయం ఇస్తే సాయంత్రానికి అయిపోతుంది. వినాయక చవితికీ, దసరా తర్వాత పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికీ మెషీన్లు ఖాళీ ఉండవు. సెప్టెంబరు 19 ఈ రెంటి మధ్యో, చవితి రోజులకి దగ్గరగానో పడుతుంది. కనీసం వారం ముందు ఇవ్వాలి. రోడ్డు మీద కట్టేట్టయితే నగరపాలక సంస్థ అనుమతి వేరుగా తీసుకోవాలి, ఆ పని షాపు చేసిపెట్టదు.

'ఎన్నో వర్ధంతి' అన్న అంకె మాత్రం వేయించకండి. అంకె లేకపోతే ఇదే బ్యానర్ మళ్లీ ఫిబ్రవరి 20న పుట్టినరోజుకీ, పై ఏడాదికీ పనికొస్తుంది. మడత పెడితే నీలం మీద తెల్లటి గీతలు పడతాయి. ప్రింటు పైవైపు ఉండేలా పీవీసీ గొట్టానికి చుట్టి, ఎండ తగలని చోట నిలబెట్టాలి.