పెట్టె మీది బొమ్మ వేరు, గిన్నెలో కేకు వేరు

మూడు కేకు పిండి పెట్టెలు కొని మూడుసార్లు చేశాక రాస్తున్నాను. మొదటి కేకు చెత్తబుట్టకు పోయింది. రెండోది చాయ్‌లో ముంచుకుని తిన్నాం. మూడోదాన్ని గిన్నె గీకి మరీ తిన్నారు. పిండి మాత్రం మూడుసార్లూ అదే. తేడా అంతా చేసిన తీరులో ఉంది, ఆ తీరేమో పెట్టె మీద సరిగ్గా రాసి లేదు. కంపెనీ పేరు చెప్పను. నీళ్లో పాలో కలిపి కాల్చుకునే గుడ్డు లేని చాక్లెట్ కేకు పిండి, చిన్న ఊళ్లలో కూడా దొరికే రకమే.

మాది నల్లగొండ, రామగిరి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఓవెన్ లేదు, కొనే ఆలోచనా లేదు. పాప పుట్టినరోజుకు ఏటా బేకరీ నుంచి కూల్ కేక్ తెచ్చేవాళ్లం. పోయినేడు తెచ్చినదాని క్రీమ్ అంగిట్లో డాల్డాలా పట్టుకుంది. పాప క్రీమంతా గీకి ప్లేటు అంచుకు నెట్టి, కింది మెత్తటిది మాత్రం తిన్నది. ఈసారి ముందే చెప్పింది, "అమ్మా, చెంచా పెడితే లోపల్నుంచి చాక్లెట్ కారాలె, అసొంటిది కావాలె" అని. బేకరీలో అడిగితే అలాంటిది మేం చేయం అన్నారు. అట్లా ఈ పెట్టెల జోలికి వచ్చాను.

గడియారం సెంటర్ దగ్గర కొన్నాను, 300 గ్రాములు, 165 రూపాయలు. మా అత్తమ్మ శనివారం గుడ్డు ముట్టదు కాబట్టి ముందు ఆకుపచ్చ చుక్క చూసుకున్నాను, ఉంది. వెనక పదార్థాల పట్టీ చదివితే మొదట చక్కెర, తర్వాత మైదా, ఆ తర్వాత కోకో. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది రూలు. అంటే నేను మోసుకొచ్చినదాంట్లో ఎక్కువ చక్కెరే. బొమ్మలో మాత్రం కరిగిన చాక్లెట్ ధారగా కారుతుంటుంది. పెట్టె విప్పితే ఒక్క పిండి ప్యాకెట్, అంతే. చేసే విధానం ఇంగ్లీషులో, హిందీలో ఉంది, తెలుగులో లేదు. రోజంతా సూదిలో దారం ఎక్కించే దాన్ని, నాకే అద్దాలు కావలసి వచ్చింది ఆ అక్షరాలకు.

మొదటిసారి తప్పు పూర్తిగా నాదే, కాకపోతే మనలో ఎవరైనా చేసే తప్పే. పాలు, నూనె పోసి ఉండల్లేకుండా పది నిమిషాలు గిలకొట్టాను. "పిండి జర నాననియ్యి బిడ్డా, మంచిగ పొంగుతది" అంది అత్తమ్మ. దోసె పిండికి, గారె పిండికి చెల్లే మాట అది. అరగంట పక్కన పెట్టాను. ఈ పిండిలో బేకింగ్ పౌడర్ ఉంటుంది, తడి తగలగానే బుడగలు పుట్టడం మొదలవుతుంది. నానబెట్టిన కొద్దీ ఆ గాలంతా పోయింది. ఎక్కువ గిలకొట్టడంతో మైదా జిగురు సాగింది. కుక్కర్‌లోంచి బయటికొచ్చింది రెండు వేళ్ల మందం కూడా లేని, నమిలితే సాగే రొట్టె. పైగా గానుగ పల్లినూనె పోశాను, చాక్లెట్ కంటే ముందు పల్లి వాసనే తగిలింది. వాసన లేని సన్‌ఫ్లవర్ నూనె వాడండి. పల్లినూనె పులిహోరకు ఉంచుకోండి.

రెండోసారి పెట్టె మాట అక్షరం పొల్లు పోకుండా విన్నాను. పిండి తడి అయ్యేంతవరకే, గరిటెతో ఓ నలభై చుట్లు. వెంటనే గిన్నెలోకి. సన్న మంట మీద 45 నిమిషాలు. బాగా పొంగింది, పైన చిన్న పగులు కూడా చూడముచ్చటగా వచ్చింది. కోసి చూస్తే పొడి పొడి. గొంతు పట్టుకుంది. పెట్టె మీది టైము మాడకుండా, పచ్చిగా ఉండకుండా చూసుకుంటుంది, అంతకు మించి ఆశించకూడదని అప్పుడు అర్థమైంది. మా ఆయన రెండు ముక్కలు చాయ్‌లో ముంచుకుని "రస్కు కంటే నయమే" అన్నాడు. ఆయన పొగడ్తలు ఇట్లాగే ఉంటాయి.

మూడోసారి నా సొంత పద్ధతిలో చేశాను. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే 165 రూపాయలకు విలువ ఇక్కడే వచ్చింది.

పాత కుక్కర్ తీసుకోండి, కొత్తది పాడు చేసుకోవద్దు. అడుగున వేలు మందం దొడ్డు ఉప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టాలి. మూత రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. లోపల నీళ్లు పోయకూడదు. మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. ఈలోపు పిండి కలపాలి. గిన్నె లోతుగా ఉండాలి, పిండి సగానికి మించకూడదు. నేను పాత సిల్వర్ గిన్నెకు నూనె రాసి వాడాను. పిండిలో ఒక బత్తాయి పైతొక్క తురిమి వేశాను. కనగల్ వైపు మా ఆడబిడ్డ వాళ్లకు తోట ఉంది, ఇంట్లో బత్తాయిలకు కొదవ లేదు. పైన ఉన్న పచ్చటి పొర మాత్రమే తురమాలి, కింది తెలుపు తగిలితే చేదు. చాక్లెట్‌కు ఆ వాసన ఎంత బాగా కుదిరిందంటే, కంపెనీ వాళ్లే ఒక చిన్న పొట్లం వేసి ఇస్తే బాగుండనిపించింది.

ఇప్పుడు అసలు పని. పెద్ద చెంచాతో రెండు చెంచాల కోకో పొడి, నాలుగు చెంచాల చక్కెర కలిపి పిండి మీద చల్లాలి. చాయ్ గ్లాసుతో గ్లాసున్నర సలసల కాగే నీళ్లు గరిటె వెనక వైపు మీద పడేలా మెల్లగా పోయాలి. కలపకూడదు. చేయి కలపమని లాగుతుంది, ఆపుకోవాలి. గిన్నెలో చూస్తే వాన పడ్డ నల్లరేగడి చేనులా ఉంటుంది. అత్తమ్మ తొంగి చూసి, "ఇంకో పెట్టె కూడా కరాబ్ చేసినవా" అంది. నాకూ టెన్షన్ పట్టుకుంది. అయినా మూత పెట్టి మంట సన్నం చేశాను.

ఉడుకుతుంటే పిండి తేలికై పైకి లేస్తుంది, చాక్లెట్ నీళ్లు కిందికి దిగి అడుగున చిక్కబడతాయి. 30 నిమిషాలకు మూత తీశాను. మధ్యలో పుల్ల గుచ్చితే ఏమీ తెలియదు, ఎట్లాగూ తడే అంటుతుంది. గిన్నె అంచు నుంచి రెండు వేళ్లు లోపలికి, పై పొరలో మాత్రమే గుచ్చాలి. కొత్త చీపురు పుల్ల కడిగి పెట్టుకున్నాను. పచ్చి పిండి కాకుండా నాలుగు తడి రవ్వలు అంటుకుని వచ్చింది. ఇంకో ఐదు నిమిషాలు ఉంచి దించాను. గిన్నె అడుగున బియ్యప్పిండి ఒత్తి తపాలచెక్క కాల్చే చేతికి ఇదేం కొత్త కాదు. అడుగున మాడబోతున్నదన్నది ముక్కుకు ముందే తెలుస్తుంది. దించాక పది నిమిషాలు ఆగాలి, లేకపోతే అడుగుది చారులా ఉంటుంది.

పైన పలుచటి పెళుసు పొర. చెంచా దాన్ని టక్కున విరిచి మెత్తటి కేకులోకి దిగి, ఇంకా కిందికి పోతే నల్లగా, జారుగా, లేత బెల్లం పాకంలా చెంచాకు చుట్టుకుంది. పాప ఊదుకుంటూ తిన్నది. ప్లేటులో బోర్లించి ఫొటో తీద్దామంటే కుదరదు, గిన్నెలోంచే వడ్డించుకోవాలి. కొవ్వొత్తి కూడా నిలబడలేదు, ఒరిగిపోయింది.

ఆరు నుంచి ఎనిమిది మందికి అని పెట్టె మీద రాశారు. మేం నలుగురం, మిగిలింది ఒక్క చిన్న గిన్నెడే. ఫ్రిజ్‌లో పెడితే పాకం గట్టిపడుతుంది. చెంచా పాలు చల్లి వేడి చేస్తే మళ్లీ జారుతుంది. తీపి మాత్రం ఎక్కువే, వచ్చేసారి పైన చల్లే చక్కెర మూడు చెంచాలకు తగ్గిస్తాను. గుడ్డు లేదు కదా అని పిల్లల్ని పచ్చి పిండి నాకనివ్వకండి, మైదా కూడా పచ్చిగా తినేది కాదు.

పెట్టెకు ఐదులో మూడు ఇస్తాను. తెలుగులో నాలుగు వరుసలు, "కలిపి నానబెట్టవద్దు" అన్న ఒక్క ముక్క రాసి ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని. పిండి మనమే కలుపుకుంటే చౌక కదా అంటారు, నిజమే. కానీ పెళ్లిళ్ల సీజన్‌లో, జాకెట్ల గుట్ట ముందు కూర్చున్న రోజున, మైదా జల్లించి సోడా కొలిచే ఓపిక నాకు లేదు.

అన్నట్టు, కుక్కర్‌లోని ఉప్పు పారేయకండి, చల్లారాక డబ్బాలో పోసుకుంటే మళ్లీ కేకుకు పనికొస్తుంది. కూరలో మాత్రం వేయొద్దు. మా ఆయన పప్పులో వేశాక, ఆ డబ్బా మీద గుడ్డల చాక్‌పీసుతో పెద్దగా "కేకు ఉప్పు" అని రాసి పెట్టాను.