లంబసింగి చలిలో సోలార్ వైర్‌లెస్ లింక్: కొన్నేళ్లు వాడాక

లంబసింగిలో మా హోమ్‌స్టేకి నెట్ గుట్ట మీది రిలే (సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే చోటు) నుంచి వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ రేడియోలు రెండు, 150 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, అంటే లెడ్ యాసిడ్ రకం. అక్కడికి కరెంటు లైను లేదు. కొన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టి గట్టిగానే చెబుతాను: చలికాలంలో దెబ్బ తినేది సిగ్నల్ కాదు, పవర్.

పక్కనున్న చెట్టు కనపడనంత పొగమంచులో కూడా సిగ్నల్ మైనస్ 60 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) దగ్గరే, అంటే మామూలుగానే ఉంటుంది. ఈ తరంగం పొడవు 5 సెంటీమీటర్ల పైనే, మంచు తుంపర దానికి అడ్డే కాదు. మరి నెట్ ఎందుకు పోతుంది? రేడియోలు రెండూ కలిసి 14 వాట్లు లాగుతాయి, రోజుకి 336 వాట్ అవర్లు. డిసెంబరులో రాత్రి 13 గంటలు, పైగా పొద్దున పది దాకా పొగమంచు విడవదు. చలికి లెడ్ యాసిడ్ బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, సున్నా డిగ్రీల దగ్గర దాదాపు ఐదో వంతు పోతుంది. తెల్లవారుజామున వోల్టేజీ పడిపోయి, ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్యనుండే ఛార్జ్ కంట్రోలర్ రేడియోలకు కరెంటు కట్ చేస్తుంది. మళ్లీ 12.6 వోల్టులు ఎక్కితే గాని కలపదు, అంటే మధ్యాహ్నమే. గెస్టులు చెక్ అవుట్ చేసేవేళ పేమెంట్లు ఆగిపోతే ఎంత టెన్షనో!

మాకు బాగా పనిచేసినది ఎంపీపీటీ కంట్రోలర్, అంటే ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ పవర్ రాబట్టే రకం. చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది, ఆ లాభాన్ని పీడబ్ల్యూఎం అనే మామూలు రకం కంట్రోలర్ వదిలేస్తుంది, ఇది పట్టుకుంటుంది. టెంపరేచర్ సెన్సార్ ఉన్నదే తీసుకోండి. మామూలుగా 14.4 వోల్టుల దగ్గర ఆగాల్సిన ఛార్జింగ్ చలిలో 14.8 దాకా వెళ్లాలి, ఆ సెన్సారే దాన్ని సర్దుతుంది, లేకపోతే బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితోనే ఉంటుంది. మాకు అమ్మిన షాపువాళ్లు ఈ ముక్క చెప్పనేలేదు.

ప్యానెల్‌ని ముప్పై డిగ్రీలకు పైగా వాల్చి, దక్షిణం నుంచి కొంచెం పడమరకు తిప్పాం. పొద్దుటి ఎండ ఎలాగూ దక్కదు, సాయంత్రం ఎండయినా పూర్తిగా అందాలి కదా. ఇంకొకటి దగ్గరగా చూస్తే గాని తెలియదు: రాత్రి మంచు దుమ్మును కిందికి జార్చి, ఫ్రేము అంచున బురద గీతలా ఎండబెడుతుంది. వేలెడు వెడల్పే అయినా కింది వరస సెల్స్‌ని కప్పి ఆంపియర్లు బాగా తగ్గిస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే మీటర్లో వెంటనే తేడా కనిపిస్తుంది.

లిథియం బ్యాటరీకి మారాలనుకునేవాళ్లు, సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉందో లేదో అడిగి కొనండి. ఖరీదైన రేడియో కంటే ఆ డబ్బుతో రెండో ప్యానెల్ కొనడం మేలు.