గుడ్డు, పాలు లేని కేకు: కుక్కరా, ఓటీజీనా, మైక్రోవేవా?

నెల్లూరులోనో ఒంగోలులోనో బేకరీకి వెళ్ళి ఎగ్‌లెస్ కేకు అడిగితే ఇస్తారు. అందులో లేనిది గుడ్డు ఒక్కటే. పాలపొడి, వెన్న, పెరుగు, కండెన్స్‌డ్ మిల్క్‌లో ఏదో ఒకటి మామూలుగా ఉంటుంది. పాలు పడని పిల్లలున్న ఇంటికి, వీగన్‌గా (పాలు, గుడ్లతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తినకుండా) ఉండాలనుకున్నవాళ్ళకి ఆ కేకు పనికిరాదు కాబట్టి ఇంట్లో చేసుకోవడమే దారి. "ఓవెన్ కొనాలా, కుక్కర్ సరిపోతుందా అక్కా?" అని చాలామంది అడుగుతుంటారు. ఈ కేకు ఎలా పొంగుతుందో తెలిస్తే ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో తేలిపోతుంది.

మామూలు స్పాంజి కేకులో గాలిని పట్టి ఉంచేది బాగా గిలక్కొట్టిన గుడ్డు నురగ. గుడ్డు లేనప్పుడు ఆ పని వంటసోడా, పులుపు కలిసి చేస్తాయి. సోడాకి నిమ్మరసం తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఆ బుడగలే పిండిని లేపుతాయి. ఈ బుడగలు ఎక్కువసేపు నిలవవు. అందుకే పిండి కలిపే లోపే పొయ్యి వేడెక్కి సిద్ధంగా ఉండాలి. ఇక పిండిని ఎంత కొడితే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ అంత సాగి, కేకు రబ్బరులా తయారవుతుంది.

కాబట్టి ఎలక్ట్రిక్ బీటర్ కొనకండి. ఈ కేకుకి దానితో మేలు కంటే చెడుపే ఎక్కువ. మన ఉదయగిరి చెక్క గరిటె చాలు. జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉన్న పనితనం అది, నాన్‌స్టిక్ గిన్నెని కూడా గీకదు. పొడి మైదా కనబడకుండా పోయేదాకా కలిపి ఆపేయాలి. బీటర్ నిజంగా అవసరమయ్యేది ఒక్కచోటే: కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్ళని తెల్లటి నురగలా చేయాలనుకుంటే. గుడ్డు తెల్లసొన లాగే ఆ నీళ్ళూ నురగ కడతాయని 2014లో ఒక ఫ్రెంచి సంగీతకారుడు కనిపెట్టాడు. ఆ నురగతో మెరాంగ్‌లు (చక్కెర కలిపి కాల్చే కరకరలాడే మిఠాయి) చేసే సరదా ఉంటే అప్పుడు కొనుక్కోవచ్చు.

ఆ డబ్బుతో చిన్న డిజిటల్ తూకం కొనండి. కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమితే 150. ఆ 30 గ్రాముల తేడాకే కేకు గట్టిపడుతుంది. గుడ్డు లేని కేకులో ఆ తప్పుని సర్దేది ఇంకేదీ ఉండదు.

ఇప్పుడు పొయ్యి సంగతి. కుక్కర్‌లో కేకు తప్పకుండా వస్తుంది, బాగానే వస్తుంది. గాస్కెట్, విజిల్ రెండూ తీసేసి, అడుగున ఉప్పో ఇసుకో పరిచి, దానిపై స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె దించాలి. సన్న సెగ మీద 40 నుంచి 50 నిమిషాలు. కరెంటు పోయినా ఆగదు, అదే దీని గొప్ప. కానీ పై భాగం తెల్లగానే ఉండిపోతుంది, సెగ కొంచెం పెరిగితే అడుగు మాడుతుంది. ఇంకో సంగతి, నీళ్ళు లేకుండా వేడి చేయడం కుక్కర్‌కి మంచిది కాదు. రోజూ పప్పు వండే కుక్కర్‌ని దీనికి వాడొద్దు, అటక మీది పాతది దించండి. మందపాటి అల్యూమినియం గిన్నె, బరువైన మూత ఉన్నా సరే.

ఓటీజీ అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు పొయ్యి. అందులో పైనా కిందా కాయిల్స్ ఉంటాయి, 170–180 డిగ్రీల దగ్గర వేడి నిలుస్తుంది, కేకు పైన గోధుమరంగు వస్తుంది. బిస్కెట్లు, బ్రెడ్డు చేయాలంటే కుక్కర్ దీనికి సాటి రాదు. 1500 వాట్లది గంట వాడినా ఒకటిన్నర యూనిట్ మించదు, కావలసిన వేడి వచ్చాక కాయిల్ ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి ఇంకా తక్కువే. మధ్యలో కరెంటు పోతే మాత్రం కేకు కుంగుతుంది. వేసవిలో తెల్లవారుజామునే చేసుకోవడం సుఖం, మధ్యాహ్నం ఆ వంటగదిలో నిలబడలేం.

వేడి చేయడం మాత్రమే వచ్చే సోలో మైక్రోవేవ్‌లో నిమిషాల్లో కేకు అవుతుంది గానీ రంగు రాదు, చల్లారేసరికి బిరుసెక్కుతుంది. వేడిగాలితో ఓవెన్‌లా కాల్చే కన్వెక్షన్ మైక్రోవేవ్ ఇంట్లో ఇప్పటికే ఉంటే ఓటీజీ అక్కర్లేదు. ఎయిర్ ఫ్రయ్యర్‌లో ఫ్యాను గాలికి పైన త్వరగా పెచ్చు కడుతుంది, కప్‌కేకులకి పర్వాలేదు.

నా మాట ఇది: పుట్టినరోజులకి, పండగలకి చేసేవాళ్ళకి పాత కుక్కర్ చాలు. వారం వారం చేస్తూ బిస్కెట్లూ కావాలంటే ఓటీజీ కొనండి.

కొలతలు కూడా చెప్తాను. మైదా 190 గ్రాములు, చక్కెర 150, వంటసోడా ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు, నీళ్ళు ఒక కప్పు, నూనె 80 మిల్లీలీటర్లు, నిమ్మరసం ఒక టేబుల్‌స్పూను. చాక్లెట్ రుచి కావాలంటే మైదాలో 25 గ్రాములు తగ్గించి అంతే కోకో వేయండి. అమెరికాలో 1930ల ఆర్థికమాంద్యం రోజుల్లో గుడ్లు, పాలు, వెన్న లేకుండా చేసిన కేకుది ఇదే పద్ధతి, అక్కడ వెనిగర్ పోస్తారు. పొదలకూరు నిమ్మకాయలు చేతిలో ఉన్న మనకి వెనిగర్ ఎందుకు? నీళ్ళ బదులు కొబ్బరిపాలు పోస్తే కేకు మెత్తగా, కమ్మగా ఉంటుంది. సోయాపాలయితే తేలిగ్గా వస్తుంది, కానీ ఆ వాసన పిల్లలకి నచ్చదు. నేను కొబ్బరిపాలకే ఓటేస్తాను.

ఈ కేకులో గుడ్డుకి బదులంటూ ఏదీ వేయక్కర్లేదు. బిస్కెట్లకి మాత్రం టేబుల్‌స్పూను అవిసె గింజల పొడిని మూడు టేబుల్‌స్పూన్ల నీళ్ళలో నానబెట్టి వాడండి, అది ఒక గుడ్డుకి సరి. మగ్గిన అరటిపండు కూడా బాగానే పట్టి ఉంచుతుంది, కాకపోతే చేసిందల్లా అరటిపండు రుచే వస్తుంది. కొబ్బరినూనె 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అందుకని మన ఎండల్లో దానితో క్రీము నిలబడదు, పిండిలో కలపడానికే ఉంచండి. వేరే కేకులకి బేకింగ్ పౌడర్ (వంటసోడాలోనే పొడి పులుపు కలిపి అమ్మేది) వాడేవాళ్ళకి ఒక మాట: సముద్రపు తేమకి అది త్వరగా పాడవుతుంది. వాడే ముందు అర చెంచా పౌడర్‌ని వేడినీళ్ళలో వేసి చూడండి, బుసబుస పొంగకపోతే కొత్త డబ్బా తెచ్చుకోవాలి.