సిరీసా, కుదించిన సినిమాలా? ముందు భాగహారం చెయ్యండి

అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, ఒక్కో ఎపిసోడ్ 24 నిమిషాలంటారు గానీ అందులో కథ అంత ఉండదు. ఓపెనింగ్ పాటకు నిమిషన్నర, ఎండింగ్‌కు ఇంకో నిమిషన్నర, వచ్చే వారం ఏం జరుగుతుందో చూపించే ముక్కకు అర నిమిషం పోతే చేతికి మిగిలేది 20, 21 నిమిషాలు. 12 ఎపిసోడ్ల సిరీస్ అంటే నికరంగా 250 నిమిషాల కథ. ఇలాంటి సిరీస్‌ను కత్తిరించి, అతికించి థియేటర్లకు పంపే సినిమాలను జపాన్‌లో సోషూహెన్ అంటారు. వాటిలో ఏది చూడొచ్చో, ఏది వదిలెయ్యాలో తేల్చుకోవాలంటే సినిమాల మొత్తం నిడివిని సిరీస్ నికర నిడివితో భాగించి చూడాలి. సగం పని ఆ అంకెతోనే అయిపోతుంది. మిగతా సగం, కత్తెర ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి.

‘మడోకా మాజికా’ 2011లో 12 ఎపిసోడ్లుగా వచ్చింది. 2012లో దాన్నే రెండు సినిమాలు చేశారు. మొదటిది 130 నిమిషాలు, 1 నుంచి 8 దాకా. రెండోది 109 నిమిషాలు, 9 నుంచి 12 దాకా. మొత్తం 239. 250కి 239 అంటే కోత లేనట్టే. పైగా బొమ్మలకు మెరుగులు దిద్దారు, డైలాగులు మళ్లీ రికార్డు చేశారు, శబ్దమంతా థియేటర్‌కు తగ్గట్టు కూర్చారు. ఇన్ని ఉన్నా మొదటిసారి చూసేవాళ్లకు సిరీసే మేలు. ఈ కథ విరామాల మీద నడుస్తుంది. మూడో ఎపిసోడ్ చివర జరిగేది జరిగాక తెర ఖాళీ అవుతుంది, చూసేవాడికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. సినిమాలో ఆ సందు లేదు, వెంటనే తర్వాతి సీన్ వచ్చి మీద పడుతుంది. పదో ఎపిసోడ్ సంగతి ఇంకా సున్నితం. అన్నాళ్లూ ఎపిసోడ్ మొదట్లో వినిపించిన ఓపెనింగ్ పాట అక్కడ చివర్లో వస్తుంది. అది ఎవరు ఎవరి కోసం పాడుతున్న పాటో అప్పుడే అర్థమవుతుంది. వారం వారం ఆ పాట విని విని అలవాటైన చెవికే ఆ దెబ్బ తగులుతుంది. సినిమాకు ఓపెనింగే వేరే పాట. అందుకని సిరీస్ ముందు, సినిమాలు రెండోసారి చూడ్డానికి. ఒక జాగ్రత్త: 2013లో వచ్చిన మూడో సినిమా ‘రెబెలియన్’ కుదింపు కాదు, పూర్తిగా కొత్త కథ. ఇదీ ఆ బాపతే అనుకుని దాటేస్తే నష్టపోతారు.

‘మొబైల్ సూట్ గండమ్’ దగ్గర తీర్పు తిరగబడుతుంది. 1979 నాటి 43 ఎపిసోడ్లు నికరంగా 900 నిమిషాల పైచిలుకు. 1981, 82లో వచ్చిన మూడు సినిమాలూ కలిపితే ఏడు గంటల లోపే. సగం కన్నా ఎక్కువ పోయిందన్నమాట. అయినా కొత్తవాళ్లు సినిమాలతోనే మొదలుపెట్టొచ్చు. ఎందుకంటే పోయినదాంట్లో చాలా భాగం పోవాల్సిందే. టీవీలో ఆటబొమ్మల కంపెనీ డబ్బు పెట్టింది కాబట్టి అమ్మకానికి పనికొచ్చే యంత్రాలు కథలోకి జొరబడ్డాయి. గండమ్ అనే భారీ రోబోకు తగిలించే జీ-ఫైటర్ అందులో ఒకటి, అది అతుక్కోవడం, విడిపోవడం చూడ్డంతోనే బోలెడు సమయం పోతుంది. దర్శకుడు తొమినో సినిమాల్లో దాన్ని పీకేసి కోర్ బూస్టర్ అనే మామూలు యుద్ధవిమానాన్ని పెట్టాడు. ఇంకో కారణం బొమ్మ నాణ్యత. సిరీస్ చివరి దశలో ముఖ్య చిత్రకారుడు యసుహికో ఆసుపత్రి పాలయ్యాడు, ఆ ఎపిసోడ్లలో ముఖాలు ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ పోలిక లేకుండా మారిపోతుంటాయి. మూడో సినిమా కోసం ఆయన కోలుకుని వచ్చి చాలా భాగం కొత్తగా గీశాడు. అంతరిక్ష యుద్ధాన్ని టీవీలో, సినిమాలో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చెప్పక్కర్లేదు.

పోయిన మంచి కూడా ఉంది. కథలోని యుద్ధనౌకలో ఉప్పు అయిపోతే వంటవాడు తమురా లబోదిబోమనడం, ఉప్పు కోసం అందరూ దారి మళ్లడం లాంటివి టీవీ యుద్ధంలో ఉన్నాయి. ఆకలి, నిద్రలేమి, శరణార్థుల సణుగుడు చూపించే ఆ తీరిక సినిమాలకు లేదు. 15వ ఎపిసోడ్ అయితే సాంతం ఎగిరిపోయింది. దాన్నే యసుహికో 2022లో విడిగా సినిమా తీశాడు. సినిమాలు నచ్చాక సిరీస్‌కు వెళ్తే ఇవన్నీ బోనస్.

కుదించిన సినిమాలన్నిటికీ ఉమ్మడి జబ్బు ఒకటుంది. ప్రతి ఎపిసోడ్ తనకంటూ ఒక పతాక సన్నివేశం పెట్టుకుంటుంది. వాటిని వరసగా కుట్టేస్తే ప్రతి పావుగంటకో పోరాటం వస్తుంది, ఏది ముఖ్యమో తెలీక గంట తర్వాత తల బరువెక్కుతుంది. కథ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారినప్పుడు ఆపి, కాసేపాగి మళ్లీ పెట్టుకోండి. అది ఎపిసోడ్ చివరే, ఆపినందువల్ల పోయేదేమీ లేదు.

‘జీటా గండమ్’ సినిమాలను మాత్రం కొత్తవాళ్లు ముట్టుకోవద్దు. 50 ఎపిసోడ్లను 2005, 06లో మూడు సినిమాలు చేశారు, ఒక్కోటి గంటన్నర పైచిలుకు. మిగిలింది మూడో వంతు కూడా కాదు. 1985 నాటి బొమ్మల మధ్య ఇరవై ఏళ్ల తర్వాత గీసినవి దూర్చారు. ఒకే సంభాషణలో ఒకే మనిషి ఓ షాట్‌లో పాతగా, మరో షాట్‌లో కొత్తగా కనిపిస్తాడు. ముగింపూ మార్చారు. దీని తర్వాతి సిరీస్ అందుకునేది టీవీ ముగింపును, సినిమాది కాదు.

‘కోడ్ గియాస్’లో ఇదే చిక్కు ఎదురు వైపు నుంచి వస్తుంది. 2017, 18 నాటి మూడు సినిమాల్లో, టీవీలో చనిపోయిన ఒక పాత్ర బతికే ఉంటుంది. 2019లో వచ్చిన కొత్త సినిమా ఆ మూడింటినే అనుసరిస్తుంది. సిరీస్ మాత్రమే చూసి దానికి వెళ్తే ‘ఈవిడ ఇక్కడెలా ఉంది?’ అని బుర్ర గోక్కోవాల్సిందే.

‘అటాక్ ఆన్ టైటన్’ మొదటి సీజన్ 25 ఎపిసోడ్లు రెండు సినిమాలయ్యాయి. మొదటి సినిమా 13 దగ్గర ఆగుతుంది కాబట్టి మనసు మారితే 14వ ఎపిసోడ్ నుంచి సిరీస్ అందుకోవచ్చు. 2020 నాటి ‘క్రానికల్’ జోలికి మాత్రం వెళ్లొద్దు. 59 ఎపిసోడ్లు రెండు గంటల్లో, అచ్చంగా కట్టె, కొట్టె, తెచ్చె. ఎప్పుడో చూసి మరిచిపోయినవాళ్లు చివరి సీజన్ ముందు గుర్తు చేసుకోవడానికైతే సరే.

‘మేడ్ ఇన్ అబిస్’లో పొరపాటు పడటం చాలా తేలిక. 2019లో వచ్చిన రెండు సినిమాలు మొదటి సీజన్ 13 ఎపిసోడ్ల కుదింపే, సిరీస్ చూసినవాళ్లు దాటేయొచ్చు. 2020లో వచ్చిన మూడోది ‘డాన్ ఆఫ్ ది డీప్ సోల్’ మాత్రం కొత్త కథ, 13వ ఎపిసోడ్‌కు సరాసరి కొనసాగింపు. అది వదిలేసి రెండో సీజన్ పెట్టుకుంటే మొదటి పది నిమిషాల్లోనే దారి తప్పుతారు.

‘డీమన్ స్లేయర్’ వాళ్లు అసలు దారినే తిరగేశారు. 2020 నాటి 117 నిమిషాల ‘ముగెన్ ట్రైన్’ సినిమానే 2021లో 7 టీవీ ఎపిసోడ్లుగా కోశారు. మొదటి ఎపిసోడ్ కొత్తది, మిగతా ఆరూ సినిమాయే, మధ్యలో పాటలతో. ఇక్కడ సినిమాదే పైచేయి: రైలు ఎక్కింది మొదలు ఆ ఉరుకు ఎక్కడా తెగదు. ముందు ఆ ఒక్క ఎపిసోడ్ చూసి, రెంగోకు అనే పాత్ర రైలెక్కాక టీవీ ఆపేసి సినిమా పెట్టుకోండి.