జట్పురా గేటు సందులో బైండింగ్ షాపు: అంచులు కోయకుండా కుట్టిచ్చారు

చంద్రపూర్‌లో జట్పురా గేటు దగ్గరి సందులో ఉన్న ఈ షాపుకు బోర్డు లేదు. గుమ్మం పక్కన కటింగ్ మెషిన్, దాని మీద మైదా జిగురు గిన్నె కనిపిస్తే అదే. పాత పుస్తకాలు దాచుకున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను ఇచ్చినవి రెండు మరాఠీ పుస్తకాలు. ఒకటి మహాత్మా ఫూలే సమగ్ర వాఙ్మయం, ఇంకోటి సంఘ సంస్కర్త గోపాల్ గణేశ్ ఆగర్కర్ వ్యాసాలు. మా బాపు, అంటే నాన్న, బల్లార్‌పూర్ బొగ్గు గనిలో పనిచేసేవాడు. డ్యూటీ దిగాక అక్షరం అక్షరం కూడబలుక్కుని మరాఠీ నేర్చుకుని ఇవి చదివాడు. చదువుతూ అంచుల్లో పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్నాడు. బాపు పోయి ఆరేళ్లయింది. నాకు ఆ అంచులే ముఖ్యం.

ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక షాపుకు ఇంకో పుస్తకం ఇస్తే మూడు వైపులా మెషిన్‌లో పెట్టి నున్నగా కోసేశారు. బాపు రాతలో ప్రతి లైనుకూ చివరి రెండు మూడక్షరాలు పోయాయి. ఇంటికొచ్చి చూసుకుని ఏడ్చాను. అందుకే ఈసారి టెన్షన్ పడుతూనే వెళ్లాను. ఇక్కడ బైండింగ్ చేసే కాకా పేజీలు తిప్పి, "ఈ రాత ఎవరిది?" అని అడిగాడు. చెప్పాను. "అయితే కటింగ్ పెట్టను బిడ్డా, మాటలు పోతయ్" అన్నాడు.

కాకాది తెలుగిల్లే కానీ చదువంతా మరాఠీ, తెలుగు చదవడం రాదు. మెడలో తులసిమాల, ఏటా ఆషాఢంలో పండరిపురం వారీకి, అంటే కాలినడక యాత్రకు, పోతాడు. ఫారాలు (మడిచిన కాగితాల కట్టలు) కుడుతూ, బాపు రాతలు చదివి వినిపించమన్నాడు. నేను స్టూలు మీద కూర్చుని చదివాను.

ఫూలే నాస్తికుడు కాదు. పురోహితుల పెత్తనం వద్దన్నాడు, 1873లో సత్యశోధక సమాజం పెట్టాడు, కానీ అందరినీ పుట్టించిన 'నిర్మీక్' ఒకడున్నాడని నమ్మాడు. ఆయన పోయాక 1891లో అచ్చయిన ఆయన 'సార్వజనిక్ సత్యధర్మ' పుస్తకంలోనూ అదే మాట. అక్కడ బాపు రాత: "మరి నిర్మీక్‌ను ఎవరు పుట్టించారు?" కాకా తల ఊపాడు, ఏమీ అనలేదు.

ఆగర్కర్ ఇంకా ముందుకు పోయాడు. ధర్మశాస్త్రంలో ఉంటే చాలదు, ఏ ఆచారమైనా బుద్ధికి నిలబడాలన్నాడు. 1888లో 'సుధారక్' పత్రిక పెట్టి అదే రాశాడు. పుణె సనాతనులు ఆయన బతికుండగానే శవయాత్ర తీశారు. ఆ వ్యాసాల్లో ఒకచోట బాపు పెన్సిల్ ఎంత నొక్కి రాశాడంటే, కాగితం వెనక వేలుపెడితే గీత తగులుతుంది: "అంతా ఒప్పుకుంటాను. చావింట్లో వాళ్లకు ఏం చెప్పాలి?"

కాకా సూది ఆపాడు. "దాంట్ల చెప్పేదేం ఉంటది బిడ్డా. పక్కన కూసుంటం, భజన చేస్తం" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "మీ బాపు ఉండి ఉంటే ఆయనతోని తెల్లారేదాంక కొట్లాడేటోణ్ని" అన్నాడు. 1882లో కొల్హాపూర్ పరువునష్టం కేసులో తిలక్, ఆగర్కర్‌లకు 10 వేల రూపాయల జామీను నిలబడింది ఫూలే మిత్రుడు రామ్‌శేఠ్ ఉరవణే అన్న సంగతి బాపు ఒక ఖాళీ పేజీలో రాసి, కింద రెండు గీతలు గీశాడు. అది మాత్రం కాకా రెండుసార్లు చదివించుకున్నాడు.

పని సంగతి. చిరిగిన మడతలకు పల్చటి కాగితం అంటించి, మైనం పూసిన దారంతో చేత్తో కుట్టాడు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపాడు. వెన్నుకు నల్ల గుడ్డ. పుస్తకం తెరిచి బల్ల మీద పెడితే బాగా పరుచుకుంటోంది, లోపలి అంచు రాత కూడా కనిపిస్తోంది. రెండింటికీ కలిపి 700 రూపాయలు. ఈ పనికి అది తక్కువే.

ఆలస్యం మాత్రం ఉంది. ఎనిమిది రోజులన్నాడు, ఇరవై రెండు పట్టింది. ఫోన్ ఎత్తడు, మనమే వెళ్లి అడగాలి. ఆషాఢంలో అసలు వెళ్లకండి, షాపు మూసి ఉంటుంది.

కోసేసిన ఆ పాత పుస్తకం కూడా ఇచ్చి వచ్చాను. మిగిలిన అక్షరాలు ఇంకా చెరిగిపోకుండా పేజీల చుట్టూ కాగితం అంచు అతికిస్తానన్నాడు. దీపావళి తర్వాత రమ్మన్నాడు.